తొంభై ముక్కల చిప్ప

జూన్ 3, మంగళవారం

ఈ రోజు ఒక మెయిల్ వచ్చింది. మాలాగే వైరస్ పెంకుల మీద పనిచేసే ఒకావిడ, వేరే ప్రయోగశాల నుంచి. మర్యాదగానే రాసింది. ఆరేళ్ల కిందట మేం ప్రచురించిన చిప్ప బొమ్మను వాళ్లూ రాబట్టాలని రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నారట. రావడం లేదట. 'మేమే ఎక్కడో పొరబడుతున్నట్టున్నాం. మీ ముడి చిత్రాలు పంపగలరా?' అంది.

పొరబడుతున్నది మీరే తల్లీ. పెంకు కట్టుకోవడం మొదలయ్యాక సరిగ్గా సగం దారిలో, చిప్పలా ఉన్నప్పుడు పట్టుకోవాలి, అప్పుడే గడ్డకట్టించాలి. రెప్పపాటు ఆలస్యమైతే గుండ్రంగా మూసుకుపోతుంది. ఇక చిప్ప ఎక్కడిది? ఆ ఒడుపు రావడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

మా ఆయనకు చెప్పాను. చిత్రాల పనంతా ఆయనదే. నేను ప్రోటీన్ తీసి, శుభ్రం చేసి, ఉప్పు తగ్గించి పెంకు కట్టించి, గ్రిడ్ అనే చిన్న రాగి జల్లెడ మీద గడ్డకట్టిస్తాను. మైక్రోస్కోపు ఇచ్చే లక్షల మసక చిత్రాలను కంప్యూటర్లో కూర్చి ఆయన బొమ్మ తీస్తాడు. పెళ్లయి పంతొమ్మిదేళ్లు. అందులో పదకొండేళ్లుగా ఇదే ఏర్పాటు.

"పాత డిస్కులు ఎక్కడున్నాయో వెతకాలి. నువ్వేం జవాబివ్వకు డాక్టరమ్మా, నేను చూసుకుంటాగా," అన్నాడు.

మంచిదే. ఒక పని తగ్గింది.

జూన్ 4

పిచ్చుకను మళ్లీ కేకలేశాను. మా ల్యాబ్ పిల్లకు నేను పెట్టుకున్న పేరది. మనిషి గుప్పెడంతే గానీ మొండిఘటం. నా దగ్గర పరిశోధనకు చేరి మూడేళ్లు దాటింది, ఇంతవరకు ఒక్క చిప్ప చూపించలేదు. మా ఆయన మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు, ఆ పిల్ల చేతులు నిలకడగా ఉండవని, మంచు మందంగా కడుతుందని.

"ఈసారి మంచు పలచగానే వచ్చింది మేడం," అంది. "అయినా చిప్పలు లేవు. కానీ ఇది చూడండి మేడం. ప్రోటీన్ తోక కత్తిరించాను కదా, నూట ఎనభై ముక్కల పెద్ద పెంకు కట్టడం మానేసి అరవై ముక్కలతో చిన్న పెంకులు కట్టుకుంటోంది. అన్నీ ఒకటే సైజు. ఎంత ముద్దుగా ఉన్నాయో!"

"చిన్న పెంకులు ఎవరిక్కావాలి? నాకు చిప్ప కావాలి. చిప్ప పట్టుకుని రా, అప్పుడు మాట్లాడదాం."

వెళ్లిపోయింది. బాత్‌రూమ్‌లో ఏడ్చిందని తర్వాత తెలిసింది. కాస్త ఎక్కువే అన్నానేమో.

లేదు. అనాల్సిందే. మెత్తగా ఉంటే పని నేర్చుకోరు.

జూన్ 8, ఆదివారం

అత్తయ్య పేపరు మడిచి పక్కన పెట్టి, "ఆరేళ్లుగా చిప్ప చిప్ప అంటారు మీ ఇద్దరూ, అసలేమిటమ్మా అది?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. నాకు భలే సరదా వేసింది.

"వైరస్‌కి పైన ఒక పెంకు ఉంటుంది అత్తయ్యా. మేం చూసే వైరస్‌కైతే ఒకే రకం ప్రోటీన్ ముక్కలు నూట ఎనభై పక్కపక్కన అతుక్కుంటే పెంకు తయారవుతుంది. బంతిలా ఉంటుంది."

"ఎవరు అతికిస్తారు?"

"ఎవరూ అతికించరు. నీళ్లలో వదిలేస్తే వాటంతట అవే వెతుక్కుని సర్దుకుంటాయి. సగం సర్దుకున్నాక కొబ్బరి చిప్పలా ఉంటుందని అందరూ ఊహించారు గానీ ఎవరూ చూడలేదు. తొంభై ముక్కలతో ఉన్న ఆ చిప్పను మొదట మేమే చూశాం."

"వాటంతట అవే సర్దుకుంటాయా! మనింట్లో గిన్నెలకు కూడా ఆ విద్య నేర్పకూడదూ?" అంది.

పగలబడి నవ్వాను. మా ఆయన నవ్వలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఎండగా ఉంది, ఇప్పుడెక్కడికని అడిగితే వినిపించుకోలేదు.

జూన్ 12

ఆవిడ నుంచి రెండో మెయిల్. మొదటి దానికి జవాబే వెళ్లలేదట.

"డిస్కు పాడైపోయిందని రాసేద్దాం," అన్నాడు మా ఆయన.

"పాడైందా?"

"పాడై ఉండొచ్చు. ఆరేళ్లయిందిగా."

పాడై ఉండొచ్చు అంటే పాడైనట్టా కాదా అని అడగబోయాను. టీ పెట్టనా అన్నాడు. పెట్టమన్నాను.

జూన్ 13

డిస్కులు పాడవడం ఎవరికైనా జరిగేదే.

జూన్ 17, మంగళవారం

ఏదో పని మీద కింద సర్వర్ గదికి వెళ్లాను. సర్వర్లు చూసుకునే అతను నన్ను చూడగానే, "మేడం, మీ పాత డేటా తీసుకెళ్లారా?" అన్నాడు.

"పాడైపోయిందట కదండీ?"

"ఎవరన్నారు? మీ డిస్కు పోతే పోయిందేమో, మా టేపుల్లో అన్నీ భద్రంగా ఉన్నాయి. పోయిన సోమవారమే సార్ వచ్చి అడిగితే చెప్పానే! అక్కర్లేదు, ఉండనివ్వండి అన్నారు."

పోయిన సోమవారం అంటే తొమ్మిదో తారీఖు. డిస్కు పాడై ఉండొచ్చని నాతో అన్నది పన్నెండున.

ఆ డేటా నా కంప్యూటర్‌కి ఎక్కించమన్నాను. ఎందుకో సార్‌కి చెప్పొద్దని కూడా అన్నాను. అతను నా మొహం వంక వింతగా చూశాడు.

మరిచిపోయి ఉంటాడు. ఆయనకు ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది.

జూన్ 18

కంప్యూటర్‌తో ఏ పని చేయించినా అది ఒక పద్దు రాసుకుంటుంది. ఫలితాలు చెరిపేసినా ఆ పద్దు ఉండిపోతుంది. మా ఆయన ఫలితాలు చెరిపేశాడు.

తొమ్మిది సార్లు చేయించాడు. తొమ్మిది సార్లూ నమూనా ఏదీ ఇవ్వకుండా, 'ఈ చిత్రాల్లో ఏముందో నువ్వే చెప్పు' అని. ఒక్కోదానికీ ఒక్కో పేరు పెట్టాడు. మబ్బు ఒకటి, మబ్బు రెండు, అలా మబ్బు తొమ్మిది వరకు. ప్రతిసారీ ఆకారం లేని మసకే వచ్చిందన్నమాట.

పదోసారి నమూనా ఇచ్చాడు. పూర్తయిన పెంకు ఆకారం అందరికీ తెలిసిందే. అందులోంచి తొంభై ముక్కలు తీసేసి, మిగిలిన చిప్పను కంప్యూటర్‌కి చూపించి, 'ఇలాంటివి ఏరి పెట్టు' అన్నాడు. ఒక్క రోజులో బొమ్మ వచ్చింది.

నమూనా ఇవ్వడం తప్పేం కాదు. అందరూ ఇస్తారు. తర్వాత సరిచూసే ఉంటాడు. అంత జాగ్రత్త మనిషి సరిచూడకుండా ఉండడు.

పద్దులో పదకొండోది లేదు. మూడుసార్లు వెతికాను.

జూన్ 19, గురువారం

పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లి తలుపు వేసుకున్నాను. బల్ల మీద టీ కప్పు ఉంటే, దాని ఆకారం పిడితో సహా కంప్యూటర్లో గీశాను. చిప్ప ఎంత ఉంటుందో అంతకి కుదించాను. మా ఆయన చిప్ప తీసిన ఆ చిత్రాలే ఇచ్చి, ఆయన పెట్టిన లెక్కలే పెట్టి, నమూనాగా మాత్రం నా కప్పును ఇచ్చాను.

మధ్యాహ్నం అన్నం తినలేదు. నాలుగున్నరకి బొమ్మ వచ్చింది.

కప్పు. చక్కగా, నున్నగా, అంచు సన్నగా. పిడి కూడా ఉంది.

మా చిత్రాలు చుక్కల వాన. అంత వానలోంచి కప్పులా కనబడిన చుక్కలనే ఏరి ఒకదాని మీద ఒకటి పేర్చమంటే కప్పు వస్తుంది. చిప్పలా కనబడినవే ఏరమంటే చిప్ప వస్తుంది. ఈ సంగతి ఏటా కొత్తగా చేరే పిల్లలకు నేనే మొదటి పాఠంగా చెబుతాను.

పిడిని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

జూన్ 20

ప్రోటీనే లేని ఉత్తి మంచు చిత్రాలు ఇచ్చి, ఆయన చిప్పను నమూనాగా పెట్టాను. చిప్ప వచ్చింది. తొంభై ముక్కలూ తేడా లేకుండా.

జూన్ 21, శనివారం

అత్తయ్య పక్కింటికి వెళ్లాక మా ఆయన్ని అడిగాను. కప్పు బొమ్మ ప్రింటు తీసి భోజనాల బల్ల మీద పెట్టాను. అతను దాన్ని చూసి ఏమిటని అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎప్పుడు చేశావిది?"

"మొన్న. నువ్వు సరిచూశావా?"

"లేదు."

"ఎందుకు చూడలేదు?"

"చూస్తే ఏమొస్తుందో తెలుసు గనక."

అబద్ధమాడతాడేమోనని రాత్రంతా ఎదురు ప్రశ్నలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ అక్కర్లేకపోయింది. 

"ఆ వారం నీ పోస్టు ఉంచాలా తీసెయ్యాలా అని మీటింగు పెట్టారు, గుర్తుందా?" అన్నాడు. "మూడు రోజులు సరిగ్గా తిండి తినలేదు నువ్వు. ఇక నా పని అయిపోయింది అంటూ ఇల్లంతా తిరిగావు. ఒక్క బొమ్మ కనబడితే నిలబడతావనుకున్నాను. నాలుగు నెలల్లో అసలైన చిప్ప ఎలాగూ దొరుకుతుంది, అప్పుడు మెల్లగా మార్చేద్దామనుకున్నాను. సగం కట్టిన పెంకు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి కదా!"

"ఉండి తీరాలని ప్రపంచమంతా అంటోంది. మనం చూశామని రాశాం."

"నీకోసమే చేశాను."

"ఆ మాట అనకు. నేను వేదికెక్కి ఆ బొమ్మ గురించి మాట్లాడుతుంటే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టావు. ఒక చోట కాదు, ఆరు చోట్ల."

"నువ్వు బాగా మాట్లాడావు," అన్నాడు.

కొట్టాలనిపించింది. ఎప్పుడూ ఎవరినీ కొట్టలేదు. కప్పు బొమ్మను ముక్కలు ముక్కలుగా చింపాను. వంగి ఆ ముక్కలన్నీ అతనే ఏరాడు.

జూన్ 22

ఏం రాయను.

జూన్ 24

ముందు గదిలో పడుకుంటున్నాడు. అత్తయ్య, "నడుం నొప్పిగా ఉందేమిట్రా?" అని అడిగింది. ఊఁ అన్నాడు. అబద్ధం ఎంత తేలిగ్గా వస్తుందో ఇప్పుడు వినబడుతోంది. ఇన్నాళ్లూ ఏ ఊఁ నిజమో ఏ ఊఁ కాదో ఎలా తెలుసుకోవడం? పంతొమ్మిదేళ్ల ఊఁలు.

జూన్ 26, గురువారం

పిచ్చుకను గదిలోకి పిలిచి కూర్చోమన్నాను. నిలబడే ఉంటానంది. నేను పిలిచినప్పుడల్లా అలవాటైపోయినట్టుంది.

"నీ చేతుల్లో లోపం లేదమ్మా. చిప్ప లేదు. ఎప్పుడూ లేదు. మూడేళ్లు నిన్ను అన్యాయంగా తిట్టాను. క్షమించు," అన్నాను. గుక్క తిప్పుకోకుండా అనేశాను, ఆగితే అనలేనని.

ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు. కిందకి చూస్తూ నిలబడింది.

"నాకు తెలుసు మేడం."

"ఏం తెలుసు?"

"పోయినేడు మార్చిలో ప్రోటీన్ వేయని ఉత్తి గ్రిడ్‌లోంచి కూడా నాకు చిప్ప వచ్చింది. భయమేసి సార్‌కి చూపించాను. సార్ నా రెండు చేతులూ పట్టుకున్నారు. మేడంకి చెప్పకమ్మా, ఆవిడ తట్టుకోలేదు, నేనే ఏదో ఒకటి చేస్తాను అన్నారు."

"మార్చి నుంచి! అంటే పదిహేను నెలలు. నీకు తెలిసి కూడా పదిహేను నెలలు నన్ను లేనిదాని కోసం అడగనిచ్చావా?"

"నా థీసిస్ మీద మీ సంతకం కావాలి మేడం. సార్ సంతకం కూడా కావాలి. నేనేం చేయను?" ఈసారి ఏడవలేదు. "అయినా మీరు ఎప్పుడూ చిప్ప ఏదీ అనే అడిగారు. నీకేం కనబడింది అని ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేసేదాన్ని."

నా తల కొట్టేసినట్టయింది. వెళ్లమన్నాను. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"మీరు తిన్నారా మేడం?" అంది.

జూన్ 27

ఇంట్లో అతను, ల్యాబ్‌లో ఆ పిల్ల. ఇద్దరూ కలిసి నన్ను గాజు బొమ్మను చేసి అల్మరాలో పెట్టారు. నేను తట్టుకోలేనట. ఎవరు తేల్చారు? నన్నెవరు అడిగారు?

అదే రోజు, తర్వాత

ఆరేళ్ల కిందటి ఆ రోజు గుర్తు తెచ్చుకుంటున్నాను. అతను నా వైపు స్క్రీన్ తిప్పాడు. చిప్ప గుండ్రంగా తిరుగుతోంది. కింద ఎవరో లిఫ్ట్ తలుపు దబదబా బాదుతున్నారు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. నమూనా ఏమిచ్చావని అడగలేదు. ఏ విద్యార్థి బొమ్మ తెచ్చినా నా నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న అదే.

సంతోషంలో మరిచిపోయాను.

అడిగితే ఆ సంతోషం పోతుందని అడగలేదేమో.

ఈ వాక్యం కొట్టెయ్యాలి. ఉండనీ.

జూలై 1, మంగళవారం

డైరెక్టర్ గారికి అన్నీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తుడుచుకున్నాడు.

"చిత్రాల విశ్లేషణలో పొరపాటు దొర్లింది, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాం. రెండు వాక్యాలు చాలమ్మా. ఎవరి ఉద్యోగానికీ ఇబ్బంది ఉండదు. మొగుడూ పెళ్లాల గొడవ ఊరందరికీ తెలియాలా?"

"మొగుడూ పెళ్లాల గొడవ కాదండీ. ఆ బొమ్మను నమ్మి ఎంతమంది ఎన్నేళ్లు పోగొట్టుకున్నారో తెలుసా? మెయిల్ రాసినావిడ దగ్గరే ఇద్దరు విద్యార్థులు దీని మీద పనిచేస్తున్నారట."

"మీ పేరు కూడా పోతుంది."

"పోనివ్వండి. ఉన్నది కూడా చిప్ప పుణ్యమే కదా. చేతికి చిప్ప వచ్చిందనుకుంటాను," అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

జూలై 4, శుక్రవారం

వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు ఉత్తరం రాశాను. నాలుగు పేరాలు. భోజనాల బల్ల దగ్గర అతని ముందు పెట్టాను. జేబులోంచి పెన్ను తీసి, "ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.

"ముందు చదువు."

"నువ్వు రాశావుగా. నేను చదివేదేముంది?"

"నువ్వు రాసిన పేజీల కింద నేనూ అలాగే సంతకం పెట్టాను. అందుకే ఇక్కడికొచ్చాం. చదువు. పైకి చదువు."

చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం దగ్గరే ఆగాడు. నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాడు. నమూనా లేకుండా తొమ్మిది సార్లు చేసినా ఏ ఆకారమూ రాలేదనీ, ఆ సంగతి తెలిసే తను దాచాడనీ, పూర్తి పెంకును కోసి నమూనా చేశాడనీ. అది చేసింది తనొక్కడేననీ, అడగాల్సిన ప్రశ్న అడగకుండా సంతకం పెట్టింది నేననీ. ఆరేళ్లలో ఈ బొమ్మ మీద ఆధారపడి పనిచేసిన విద్యార్థిని వైఫల్యం, వైఫల్యం కాదనీ.

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో మేం చూడలేదు.

"ఏమిట్రా అది?"

చప్పున ఏదో ఒకటి చెప్పేస్తాడనుకున్నాను. పెన్ను కింద పెట్టాడు.

"నేను చేసిన మోసం అమ్మా. లేని బొమ్మను ఉన్నట్టు చేసి ఈమెను నమ్మించాను."

"ఎన్నాళ్లయింది?"

"ఆరేళ్లు."

ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. కొడుకును కోప్పడుతుందనో, నన్ను బతిమాలుతుందనో చూశాను. రెండూ చేయలేదు. కొడుకు వైపు తిరిగి, "మరి నీ బొమ్మ అబద్ధమని తెలిసి కూడా, ఆ పిల్ల చేతులు మంచివి కావని ఎందుకన్నావురా? మనింట్లో అన్నం తింటూ అన్నావు. నేను విన్నాను," అంది.

అతను తల వంచుకుని సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను.

నాలుగింటికి పత్రికకూ, మెయిల్ రాసినావిడకూ పంపించాను.

జూలై 5

మెయిల్ ఆవిడ జవాబు: 'చెప్పినందుకు కృతజ్ఞతలు. మా పిల్లలిద్దరికీ చూపించాను. ఒక అమ్మాయి ఏడ్చేసింది, ఇన్నాళ్లూ తనకే చేతకాదనుకుందట.'

పిచ్చుక దగ్గరికి వెళ్లి చిన్న పెంకులు చూపించమన్నాను. రెండు గంటలు చూపించింది. తోక ఎంత పొడవు కత్తిరిస్తే ఎన్ని ముక్కల పెంకు వస్తుందో ఒక్కొక్కటీ. అన్నిటికీ నమూనా లేకుండానే. ఏమీ కనబడనివి కూడా తీసి పక్కన పెట్టి ఉంచింది. థీసిస్ దీనితోనే రాద్దామన్నాను. "సరే మేడం," అంది. ఇంకా మేడమే. నన్ను పూర్తిగా నమ్మడానికి టైం పడుతుంది. నాకూ పడుతుంది.

జూలై 6, ఆదివారం

సంస్థ విచారణ వేస్తుందట. అతను అంతకు ముందే రాజీనామా ఇచ్చేశాడు. స్నేహితుడి ఇంటి మేడ మీద గది ఉందట, అక్కడికి వెళుతున్నాడు. నేను వెళ్లమనలేదు. ఉండమనీ అనలేదు.

అత్తయ్యను కూడా రమ్మన్నాడు. "నీకు వంట వచ్చు. దీనికి రాదు. నేనెక్కడికీ రాను," అని టీవీ పెట్టుకుంది. సౌండ్ బాగా పెంచింది.

ఒక్క పెట్టే సర్దుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. ఆ రోజు నీకు మబ్బే చూపించి ఉంటే ఏం చేసేదానివి?"

ఈ ప్రశ్న అతను ఆరేళ్ల కిందట అడగాల్సింది. అప్పుడు అడిగి ఉంటే కాస్త ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఇదే జవాబు చెప్పేదాన్ని.

"ఏముంది? పోస్టు పోయేది. మూటాముల్లే సర్దుకునేదాన్ని," అన్నాను. "నీవీ నావీ కలిపి సర్దేదాన్ని."

చేతిలో పెట్టెతో అలాగే నిలబడిపోయాడు. తలుపు నేనే వేశాను.